వాషర్ తీసిన రోజు

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో మా షెడ్డు. పక్షవాతం వచ్చి మా ఆయన కుడి చెయ్యి పడిపోయిన దగ్గర్నుంచి పానా పట్టేది నేనే. ఆయన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చెబుతాడు, నేను చేస్తాను. చూసేవాళ్లకు ముచ్చటగా ఉంటుందట. వాళ్లొచ్చి ఒక్క పూట రేకుల కింద ఇంజన్ విప్పితే ఆ ముచ్చటేమిటో తెలుస్తుంది.

ఆ తెల్లకారు మళ్లీ వచ్చినప్పుడు నిజంగా ఏడుపొచ్చింది. కంపెనీవాళ్లిచ్చిన వేగం చాలక, దాని ఓనరు మామూలు ఇంజన్‌కు గాలిని ఒత్తి పంపే టర్బో పెట్టించుకున్నాడు. చెయ్యి పడిపోకముందు మా ఆయన కట్టిన ఆఖరి ఇంజన్ అదే. కొన్నాళ్లు బాగానే తిరిగింది. తర్వాత సైలెన్సర్ నుంచి నీలం పొగ, అంటే లోపల నూనె కాలుతోందన్నమాట. టర్బో మార్చాం, మళ్లీ పొగ. టర్బో నుంచి నూనె వెనక్కి దిగే పైపు విప్పి చూశాను, అడ్డేమీ లేదు. ఇక నాకు అనుమానం ఒక్క వాషర్ మీదే.

ఆయిల్ పంపులో ఒక చిన్న వాల్వ్ ఉంటుంది. నూనె ఒత్తిడి మరీ పెరిగితే దాని స్ప్రింగు లొంగి, ఎక్కువైన నూనెను వెనక్కి వదిలేస్తుంది. ఆ స్ప్రింగు వెనక వాషర్ వేస్తే అది బిగుస్తుంది, ప్రెషర్ పెరుగుతుంది. మా ఆయనకు పని నేర్పిన ఉస్తాద్ తన దగ్గరికొచ్చిన ప్రతి ఇంజన్‌కూ ఒక వాషర్ వేసేవాడట. అరిగిపోయిన పాత ఇంజన్లు దాంతోనే బతికేవి. మా ఆయనకూ అదే అలవాటు. టర్బో సంగతి వేరు. దాని లోపల సన్నని రింగే తప్ప రబ్బరు సీలు ఉండదు. గట్టిగా తోస్తే నూనె ఆ రింగు దాటి వెళ్లి కాలుతుంది.

టర్బోకు నూనె వెళ్లే పైపుకు గేజి బిగించి, ఇంజన్ బాగా వేడెక్కాక రేస్ చేశాను. ముల్లు వెళ్లి చివర కొట్టుకుంది.

"వాషర్ తీస్తున్న" అన్నాను.

"ఏంది తీసేది? నూనె అందక బేరింగులు పట్టేస్తయ్. ఇంకోటి ఎయ్యి."

"ఇంకోటేస్తే పొగ గీడికెల్లి ఖైరతాబాద్ దాకా పోతది."

"నూనె ఎక్కువై సచ్చిన ఇంజన్‌ను సూసినవా నువ్వు?" అని ముఖం అటు తిప్పుకున్నాడు.

ఒళ్లు మండింది. ఆ వెంటనే జాలేసింది. చెయ్యి పోయింది, నడక సగం పోయింది, షెడ్డులో ఆయనకు మిగిలింది మాట ఒక్కటే. దాన్ని కూడా నేనే విప్పి పక్కన పెట్టాలా? ఆయన దవాఖానకు వెళ్లినప్పుడు చప్పుడు చేయకుండా తీసేయొచ్చు. కానీ అబద్ధమాడడానికి కూడా ఓపిక కావాలి, నాకది లేదు. ఆయన కళ్లముందే బోల్టు విప్పాను. స్ప్రింగుతోపాటు వాషర్ నల్లటి నూనెలో జారి నా అరచేతిలో పడింది. స్ప్రింగును మాత్రం తిరిగి పెట్టి బోల్టు బిగించాను.

మళ్లీ రేస్ చేస్తే ముల్లు చాలా కిందే ఆగింది. మరీ తక్కువైతే ఆయన అన్నట్టే బేరింగులు పట్టేసి ఇంజన్ మొత్తం పోతుంది.

రోడ్డు మీద తిప్పి చూద్దామని తాళం తీసుకుంటే, "నేనొస్త" అన్నాడు. నడుం పట్టుకుని ముందు సీట్లో కూర్చోబెట్టాను. గల్లీ దాటగానే వెనక పొగ లేచింది.

"సూసినవా?"

"పైపుల ఉన్న పాత నూనె అది. కాలనియ్యి జర."

ఖైరతాబాద్ దాకా వెళ్లి తిప్పాను. గేజిని పొడుగు గొట్టంతో ముందు అద్దం దగ్గరికి లాగి పెట్టాను, దారిపొడుగునా ఇద్దరి కళ్లూ ముల్లు మీదే. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా అది ఒకే చోటికి వెళ్లి ఆగుతోంది. ఇంజన్ చప్పుడులో తేడా లేదు. ఆబిడ్స్ సిగ్నల్ దగ్గర ఇరుక్కున్నాం. ఎప్పుడూ పొగ పట్టుబడేది అలా ఆగినప్పుడే. బండి ఆగి ఉండగా, దారిలో రింగు దాటిన నూనె అంతా పొగై బయటికొస్తుంది. ఆయన ఎడమచేత్తో అద్దం దించి, తల బయటపెట్టి వెనక్కి చూశాడు. వెనకున్న ఆటోవాడు ఏమనుకున్నాడో గాని హారన్ మోగించాడు.

"లేదు" అన్నాడు తల లోపలికి తీసుకుంటూ. అంతే.

సాయంత్రం ఓనరు వచ్చి, "మస్తు చేసినవన్నా! ప్రెషర్ సెట్ చేసినవా?" అన్నాడు ఆయనతో. 'మీ అన్న చెప్పిండు, నేను చేసిన' అనడానికి నేను సిద్ధంగానే ఉన్నాను. ఆయన నాకు సందివ్వలేదు.

"నేను గాదు తమ్మీ. నేను ఎక్కువ పెట్టిన. ఆమె సరిచేసింది. ఇగ మీదట ఏదున్నా ఆమెనే అడుగు."

సంతోషపడాల్సిన మాట. నేను మాత్రం షెడ్డు వెనక్కి వెళ్లి, పాత టైర్ల మీద కూర్చుని ఏడ్చాను. ఆయన చెప్పినన్నాళ్లు నేను ఆయనకు చేతులు, అంతే. పని చెడితే ఆయన్ను తిట్టి, ముద్ద తిని పడుకునేదాన్ని. ఇక ఎవర్ని తిట్టను?

ముఖం కడుక్కుని వచ్చేసరికి ఇంకో బండి వచ్చి షెడ్డు ముందు ఆగింది. బానెట్ ఎత్తి, ఏం చేద్దామన్నట్టు అలవాటుగా కుర్చీవైపు చూశాను. ఆయన నావైపు చూస్తున్నాడు.