ఘటాల ఊరేగింపులో నా రెండో ఆల్బమ్

నా మొదటి ఆల్బమ్ వచ్చిన ఏడాది ఖరగ్‌పూర్‌లో నా గొంతును తప్పించుకు తిరగడం నాకే చేతకాలేదు. పూరీ గేట్ టీ కొట్టులో అదే పాట, ఝపటాపూర్ పెళ్ళి ఊరేగింపులో అదే పాట. తెలుగూ బెంగాలీ హిందీ కలగలిపి పాడిన డాన్సు పాటలవి, వింటే కాళ్ళు ఆగేవి కావు. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా క్వార్టర్ వైపు వేలు చూపించి ఆ పిల్ల ఇల్లు ఇదేనని చెప్పుకునేవారు. నాకు గర్వంగా ఉండేది. ఎందుకుండదు?

రెండో ఆల్బమ్ నాటికి నాకు వేరే గాలి సోకింది. మధ్యాహ్నం అన్నం తిని, కిటికీ తలుపులు దగ్గరగా వేసి పడుకుంటే, యార్డులో రైలు పెట్టెలు ఒకదానికొకటి తగులుకునే చప్పుడు మెల్లగా కలలోకి వస్తుంది. అది నిద్రా కాదు, మెలకువా కాదు. ఆ వేళలో ఉండే పాటలు చేయాలనిపించింది. డప్పు ఉంది, తాళం ఉంది, అన్నీ మోకాటి లోతు నీళ్ళలో నడుస్తున్నట్టు. కలకత్తా స్టూడియోలో కళ్ళు మూసుకుని పాడాను. అంత సుఖంగా నేనెప్పుడూ పాడలేదు.

విమర్శకులకు ఆ సుఖం అందలేదు. డాన్సు పాటల మనిషి జోలపాటలు ఎత్తుకుందని ఒకాయన రాశాడు. ఒకావిడ తన వీడియోలో నా పాట పెట్టుకుని ఆవలించింది. ఆవలింత బాగానే నటించింది, దానికి మార్కులు వేయాలి. ఒక్కరు మాత్రం పరిణతి కనిపించిందన్నారు. పరిణతి చెందిన పాటని ఎవరూ పెళ్ళిలో పెట్టరు. ఆల్బమ్ కంపెనీవాళ్ళు ఫోన్ చేసి మెత్తగానే చెప్పారు: మూడోది మొదటిదానిలా చేస్తానంటే చేద్దాం, లేకపోతే లేదు. సోమవారం జవాబు చెప్పాలి. సరేననడానికే సిద్ధపడి ఇంటికి వచ్చాను.

ఆ ఆదివారం మాతా పూజ ఘటాలు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తాతల కాలంలో రైల్వే పనికి వచ్చినా మావాళ్ళు ఈ అలవాటు వదల్లేదు. ఆడవాళ్ళు పసుపు రాసి వేపాకు కట్టిన ఘటాలు నెత్తిన పెట్టుకుని గుడి నుంచి క్వార్టర్ల చుట్టూ తిరుగుతారు. ప్రతి గుమ్మం ముందూ వాళ్ళ కాళ్ళ మీద పసుపునీళ్ళు పోస్తారు. వెనకాల వ్యాన్ మీద సౌండ్ బాక్సుల్లో డాన్సు పాటలు. ఆ పాటల వేగానికి పెద్దవాళ్ళు అందుకోలేక కొన్నేళ్ళుగా ఒక్కొక్కరే మానేశారు. మోకాళ్ళ నొప్పులతో మా అమ్మా మానేసింది. ఈ ఏడు మాత్రం మొక్కు ఉందని, మొదటి మలుపు దాకా మోసి దించేస్తానంది.

గుడి కమిటీ బాబాయి నా కొత్త ఆల్బమ్ వినలేదు. మన పిల్లది అంటే చాలు, ఇక వినడమెందుకు? గుడి ముందు నిలబడి పాట పెట్టమని వ్యాన్‌వాడికి కేకేశాడు.

"దాదా, చాలావ్! మన పిల్ల కొత్త పాటలివి, అదిరిపోవాల!"

"బాబాయ్, అవొద్దు. పాతవి ఎయ్యించు" అన్నాను.

"నీకేటి తెల్దు, ఊరుకో. ఇంటికెల్లి పసుపునీల్లు కలుపు."

ఇంటికొచ్చి బిందెతో గుమ్మంలో నిలబడ్డాను. ఊరేగింపు మా వరసకి ఆఖరున వస్తుంది. ఎండ పలచబడుతోంది. నా పాట ఒక వరసలో మునిగి ఇంకో వరసలో తేలుతోంది, ఎవరో నిద్రలో పాడుతున్నట్టు. అంతలో కొందరు ఆడపిల్లలు ఊరేగింపు వదిలేసి మా గుమ్మం మీదుగా వెళ్ళారు.

"ఇదేటి పాటక్కా? డాన్సుకి సెయ్యి కూడా లెగనేదు" అంది ఒకతె.

కలకత్తా విమర్శకుల మీద కోపం వచ్చింది, ఈ పిల్ల మీద రాలేదు. ఏడుపే వచ్చింది. సోమవారం దాకా ఎందుకు, ఇప్పుడే ఫోన్ చేసి సరే అనేద్దామనుకున్నాను.

మలుపు తిరిగి ఘటాలు వచ్చాయి. ముందు ఉండాల్సిన పడుచువాళ్ళు లేరు. అందరూ పెద్దవాళ్ళే, ఎప్పుడో మానేసినవాళ్ళు కూడా దారిలో కలిసినట్టున్నారు, తడిసిన పాదాలతో, తొందర లేకుండా, ఒకే నడకగా వస్తున్నారు. మధ్యలో మా అమ్మ. ఘటం ఇంకా నెత్తి మీదే ఉంది.

ఆమె కాళ్ళ మీద నీళ్ళు పోశాను.

"అమ్మా, మలుపు కాడ దించీనేదా? మోకాల్లు?"

"దించాలనిపించనేదే." అమ్మ కళ్ళు సగం మూసుకునే ఉన్నాయి. "ముందటేల్ల పాటలు ఎనకాల్నుంచి తోసీవి. ఇది తొయ్యనేదు. నాతో పాటు నడిసినాది."

సోమవారం కంపెనీవాళ్ళకి మొదటిదానిలా చేయనని చెప్పాను. వాళ్ళు మళ్ళీ ఫోన్ చేయలేదు. దిగులుగానే ఉంది. అమ్మ మాత్రం మొక్కు తీరిపోయినా వచ్చే ఏడూ ఘటం ఎత్తుకుంటానంటోంది, దానికి ఏం పాడతావని రోజూ అడుగుతోంది.