సెన్సార్లు కాలిపోయిన మోటారు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. నాకప్పటికి ముప్ఫై నాలుగేళ్లు. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతూనే భీమవరంలో ఎం.టెక్. చదివేదాన్ని. ప్రాజెక్టు కోసం తెప్పించుకున్న చిన్న మోటారుకి మొదటిరోజే ప్లస్సూ మైనస్సూ తారుమారుగా కలిపాను. లోపలున్న మూడు సెన్సార్లూ కాలిపోయాయి. తిరిగే అయస్కాంతం ఏ క్షణాన ఎక్కడుందో చెప్పేవి అవే. అది తెలిస్తేనే ఏ తీగలోకి కరెంటు పంపాలో తెలుస్తుంది.

ఏడుపుమొహంతో మా గైడు గారి దగ్గరికి వెళ్లాను. ఆయన మోటారుని చేత్తో ఓసారి తిప్పి చూశారు.

"తిరుగుతోంది కదమ్మా. సెన్సార్లు లేకుండానే నడపండి. అదే మీ ప్రాజెక్టు" అన్నారు.

ఉపాయం పుస్తకాల్లో ఉంది. సెన్సార్లవి పోగా మోటారుకి మూడు తీగలు. ఒకసారికి రెండిట్లోనే కరెంటు పంపుతాం. ఖాళీగా ఉన్న మూడోదాంట్లో, అయస్కాంతం తిరగడంవల్ల కాస్త వోల్టేజీ పుడుతుంది. దాన్నిబట్టి అయస్కాంతం ఎక్కడుందో లెక్కగట్టొచ్చు. ప్రోగ్రాం రాశాను. మోటారు వణికింది, గుర్రుమంది, ఆగిపోయింది. మూడు వారాలు అదే తంతు.

మా ఆయన హైస్కూల్లో తెలుగు మాస్టారు. ఆదివారాలు నన్ను స్కూటరు మీద ల్యాబుకి తీసుకొచ్చి, తనూ ఉండిపోయి, రీడింగులన్నీ నోట్‌బుక్కులో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిపెట్టేవారు. ఓ ఆదివారం రాస్తూ రాస్తూ తలెత్తారు.

"తిరిగితేనే ఆ వోల్టేజీ పుడుతుందన్నావు. మరి తిరగకముందు?"

"ఉండదండి. అందుకే మొదట కాసేపు గుడ్డిగా తోస్తాం. తర్వాత వోల్టేజీ చూసుకుంటాం."

"కాసేపంటే ఎంతసేపు?"

ప్రోగ్రాం తెరిచి చూశాను. నేను పెట్టిన వ్యవధి మరీ తక్కువ. మోటారు వేగం అందుకోకముందే వోల్టేజీ కోసం వెతుకుతున్నాను. అప్పటికి పుట్టేది ఎంతని! అంకె మార్చి మళ్లీ స్విచ్చి వేశాను. మోటారు ఒకసారి కాస్త వెనక్కి జరిగి, ముందుకి తిరిగి, ఇక ఆగలేదు. ఆయన సంబరంలో పెన్నుకి మూత పెట్టకుండానే జేబులో పెట్టుకున్నారు. తెల్లచొక్కా నీలమైంది.

వైవాకి వచ్చిన ఎగ్జామినరు గారు మోటారు ఆపించి, "ఇప్పుడు అయస్కాంతం ఎక్కడుందో మీ ప్రోగ్రాముకి తెలుసా?" అని అడిగారు.

"తెలియదండి. తిరగడం మొదలెట్టాకే తెలుస్తుంది."

"తెలుసంటారేమో అనుకున్నాను" అని నవ్వి సంతకం పెట్టేశారు.

ఇంటికొచ్చాక మా ఆయన వాళ్లమ్మగారికి గొప్పగా చెప్పారు. "సెన్సారంటే కళ్లనుకో అమ్మా. నీ కోడలు కళ్లు లేని మోటారుని నడిపించింది."

"మన బోరు మోటారుకేం కళ్లున్నాయిరా? ఇన్నేళ్లబట్టి తిరగట్లేదూ?" అన్నారు మా అత్తగారు.

నాకు నవ్వాగలేదు. "నిజమేనండి. కాకపోతే దాని జాతి వేరండి అత్తయ్యగారూ, దాంట్లో అయస్కాంతమే ఉండదు..." అని మొదలుపెట్టబోయాను.

"ముందు కాళ్లు కడుక్కుని రా తల్లీ. దిబ్బరొట్టె చల్లారిపోతోంది."

వీధరుగు మీద కూర్చుని, చెరుకుపానకంలో ముంచుకుంటూ ముగ్గురం రొట్టంతా తినేశాం.