పాఠం కోసం రాసిన లెక్క

వికారాబాద్‌లో నేను డిగ్రీ పిల్లలకు లెక్కలు చెబుతాను. పేలుడు జరిగినప్పుడు ఆ అదురు నేలలో ఎంత దూరం, ఎంత బలంగా పోతుందో లెక్కగట్టే ప్రోగ్రాం ఒకటి పాఠం కోసం రాసుకున్నాను. ఎవరికైనా పనికొస్తుందని ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టాను. మధ్య మధ్య వివరణలు మా ఇంటి మాటల్లోనే రాశాను. మా పిల్లలు తప్ప ఇంకెవరు చూస్తారులే అనుకున్నాను.

మొన్న చలికాలంలో పిల్లలను తీసుకొని తాండూరు అవతల ఒక సున్నపురాయి గని చూడటానికి వెళ్లాను. అక్కడి ఆఫీసులో ఒక ఇంజనీరమ్మాయి ఆ మధ్యాహ్నం పేల్చబోయే చోటును కంప్యూటర్‌లో చూపిస్తోంది. తెర మీద ప్రోగ్రాంలోని ఒక వరుస కనబడి దగ్గరికి వెళ్లి చదివాను. "గీడ జర పైలం, సున్నతోని భాగిస్తే ఆగమైతది." ఇక్కడ జాగ్రత్త, సున్నాతో భాగిస్తే లెక్క చెడిపోతుందని పిల్లల కోసం నేను రాసిన మాట అది.

కింద ఉన్నవి పాఠంలోని అంకెలు కావు. గుంతల్లో నింపబోయే పేలుడు మందు ఎంతో, దగ్గర్లోని ఊరు ఎంత దూరమో చెప్పే అంకెలు. పిల్లలను బయటికి పంపి, ఆ ప్రోగ్రాం నాదేనని ఆమెకు చెప్పాను.

"మొదట్లనే రాసిన గద, పాఠానికి తప్ప అసలు పనికి వాడొద్దని. సూడలేదా?"

"సూసిన మేడం. అందరూ గట్లనే రాస్తరు గద అనుకున్న."

నేలంతా ఒకే తీరు రాయి అనుకొని రాసిన లెక్క అది. ఇక్కడేమో రాయి పొరలు పొరలుగా ఉంది. పొరల వెంట అదురు ఇంకా దూరం పోవచ్చని చెప్పాను. దీన్ని నమ్మి పేల్చబోయేది ఇదే మొదటిసారట. వెంటనే మేనేజరుకు ఫోన్ చేసి పని ఆపించింది. ఆయన కోప్పడుతుంటే తల వంచుకొని విన్నది, కానీ మాట మార్చలేదు.

తర్వాత తక్కువ మందుతో పేల్చి, ఊరి అంచు ఇళ్ల దగ్గర అదురు కొలిచారు. నా ప్రోగ్రాం చెప్పినదానికంటే ఎక్కువే వచ్చింది. ఆ సంగతి ఆమె ఫోన్ చేసి చెప్పింది. నెట్ నుంచి ఆ ప్రోగ్రాంను తీసేస్తానన్నాను.

"తీయకుండ్రి మేడం. మా కొలతలు పంపుత, గవి సూసి సరిజేయుండ్రి. పాతది ఇంకెందరి కాడ ఉందో. మీరు తీసేస్తే వాళ్లకెట్ల తెలుస్తది?"

ఆ ఆలోచన నాకు ఎన్నడూ రాలేదు. ఇద్దరం కలిసి సరిచేశాం. తప్పెక్కడుందో పైనే ఇంగ్లీషులో కూడా రాసి, ఆమె కొలతలతో సహా అదే చోట పెట్టాను. కొన్నాళ్లకు వేరే దేశంలోని ఒక గని నుంచి మెయిల్ వచ్చింది. ఇన్నాళ్లూ పాతదే వాడుతున్నారట, మేం రాసింది చూసి ఇప్పుడు ఆపేశారట. ఆ మెయిల్‌ను అలాగే ఇంజనీరమ్మాయికి పంపాను.