నాలుక మీద మచ్చ

మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక నవల రాయడం మొదలుపెట్టింది. స్నేహితురాలి దగ్గర తెచ్చుకున్న లావుపాటి ఇంగ్లీషు పుస్తకాన్ని నాలుగు రోజుల్లో చదివేసి, ఐదో రోజు పొద్దున్నే లాంగ్ నోట్‌బుక్ ముందేసుకుని కూర్చుంది. ఆ ఆదివారం మధ్యాహ్నం మొదటి అధ్యాయం నాకూ, మాతోనే ఉంటున్న మా నాన్నకూ చదివి వినిపించింది.

తాతల నుంచి శక్తులు వచ్చిన ముగ్గురు పిల్లల కథ. ముగ్గురూ రైల్వే క్వార్టర్లలోనే ఉంటారు. ఒకడికి రాబోయే రైలు ఎంతో దూరంలో ఉండగానే పాదాలకు తెలిసిపోతుంది. ఇంకొకడు ఇనుమును చేత్తో వంచేస్తాడు. మూడోది అమ్మాయి. ఆ పిల్ల నాలుక మీద నల్లటి మచ్చ ఉంటుంది. ఏదంటే అది జరుగుతుంది.

తొక్క తీస్తున్న బంగాళాదుంప నా చేతిలో అలాగే ఉండిపోయింది.

"ఇది నీకెవరు చెప్పారే?"

"ఎవరూ చెప్పలేదు. నాకుంది కదమ్మా, అద్దంలో చూసుకున్నాను" అని నాలుక బయటపెట్టింది.

ఉందని నాకు తెలుసు. దానికి ఐదో నెలలో, నోరంతా తెరిచి నవ్వుతుంటే చూశాను. ఆవగింజంత మచ్చ. మా ఆయనకు కూడా చెప్పలేదు. నాకూ ఉంది. మా నాన్నమ్మకూ ఉండేది.

బెంగాల్లో మేం పెరిగిన రైల్వే కాలనీ, ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా నాన్నమ్మ వాకిట్లో నిలబడితే, డ్యూటీకి వెళ్ళే మగవాళ్ళు సైకిళ్ళు వెనక్కి తిప్పుకుని ఇంకో సందులోంచి పోయేవారు. ఆవిడ చెడ్డగా ఏదైనా అనగా నేను వినలేదు. అసలు ఆవిడ మాట్లాడడమే పెద్దగా వినలేదు. చీర కొంగు ఎప్పుడూ నోటికి అడ్డం పెట్టుకునేది.

నాకు పదకొండేళ్ళప్పుడు, పక్కింటి పిల్లతో దెబ్బలాడానని నాన్న నన్ను కొట్టాడు. ఏడుస్తూ "నీ సెయ్యిరిగిపోను" అన్నాను. మూడో రోజు మలంచా రోడ్డు మలుపులో నాన్న సైకిల్ మీంచి పడి కుడిచేతి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఆ సాయంత్రం నాన్నమ్మ నన్ను కిటికీ దగ్గర వెలుతురులో కూర్చోబెట్టి, దవడ పట్టుకుని "నాలిక సాపు" అంది. చాపాను. చాలాసేపు చూసింది.

"దీనికీ వొచ్చీసినాది" అంది మా అమ్మతో. లోపలికెళ్ళి, గోడవైపు తిరిగి ఏడ్చింది.

ఆ రోజు నుంచి అమ్మ నాకు ఒకటే మాట చెప్పేది. "ఎవులైనా బయల్దేరితే నువ్వు మాటాడకు." తర్వాత్తర్వాత ఎవరూ బయల్దేరకపోయినా నేను మాట్లాడడం మానేశాను. స్కూల్లో బెంగాలీ పిల్లలు నన్ను బోబా అనేవారు, మూగదని.

ఇదంతా మా అమ్మాయికి అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. రాయడమే కదా, నోటితో అనడం కాదు కదా అనుకున్నాను.

దాని క్లాసులో బాగా పాడే పిల్ల ఒకతి ఉంది. మా అమ్మాయి బెంగాలీలో వినిపించే తెలుగు యాసను ఆ పిల్ల అనుకరించి అందర్నీ నవ్వించేది. ఆరో అధ్యాయంలో అచ్చం అలాంటి పిల్లే వచ్చింది. మచ్చ ఉన్న అమ్మాయి ఆ పిల్లతో "నీ గొంతు పోతుంది" అంటుంది. టిఫిన్ టైములో మా అమ్మాయి అది నలుగురికీ చదివి వినిపించింది. రెండు వారాల తర్వాత పాడే పిల్లకు గొంతులో వాపు, జ్వరం. హాస్పిటల్లో పెట్టారు.

మా అమ్మాయి పక్క సీటు ఖాళీ అయింది. ఫోనుకి మెసేజ్‌లు రావడం మొదలైంది. "నా పేరు రాయకు ప్లీజ్." ఒకటి కాదు, పది.

శనివారం మధ్యాహ్నం ఆ పాడే పిల్ల తల్లి సుభాష్‌పల్లిలో మా ఇంటికొచ్చింది. చేతిలో సందేశ్ మిఠాయి డబ్బా. కూర్చోమన్నా కూర్చోలేదు.

"దీదీ, నేను ఇలాంటివి నమ్మేదాన్ని కాదు. బ్యాంకులో పని చేస్తాను" అంది బెంగాలీలో. "కానీ పిల్ల మూడు రోజులుగా నీళ్ళు మింగలేకపోతోంది. మీ అమ్మాయిని ఒక్క మాట అనమనండి. తగ్గిపోతుందని. అంతే."

మా అమ్మాయి గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నావైపే చూస్తోంది, నేనేదో ఒకటి చెబుతానని. అనమంటే ఆ శక్తి ఉన్నట్టు ఒప్పుకున్నట్టే. వద్దంటే ఎదురుగా ఒక తల్లి. నాకు నోరు పెగల్లేదు. అన్నేళ్ళ అలవాటు.

"భాలో హోయే జాబే" అంది నా కూతురు. తగ్గిపోతుందని.

ఆవిడ దాని తల నిమిరి, కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. మా అమ్మాయి బాత్‌రూమ్‌లోకెళ్ళి తలుపేసుకుంది. ఎంతకీ రాకపోతే తోసి చూశాను. టూత్‌బ్రష్‌తో నాలుక రుద్దుకుంటోంది. సింకులో రక్తం.

నా వెనకాల నాన్న వచ్చాడు. వంకరగా అతుక్కున్న తన మణికట్టు మనవరాలి ముందు పెట్టాడు.

"ఇది ఎలగిరిగినాదో తెల్సా? బ్రేకు వైరు తెగిపోయినాది. ముందురోజు నుంచీ తెల్సు నాకు. బద్దకించి మార్పించలేదు."

నేను తువ్వాలుతో దాని నోరు అదిమి పట్టుకున్నాను. "నాకెందుకు సెప్పలేదు నాన్నా?"

"నువ్వు అడగలేదు కదే." "దానికోసమా నువ్వు మాటాడ్డం మానీసినావు?"

నేను తలూపాను. ఆయన అక్కడే గడప మీద కూలబడ్డాడు.

ఆ సాయంత్రం మా అమ్మాయికి అంతా చెప్పాను. విని, "మరి ముత్తవ్వ ఏమందట? అంటే ఏం జరిగిందట?" అని అడిగింది. నేను నాన్న వైపు చూశాను. ఆయనకూ తెలియదు. సొంత కొడుకు కూడా ఆమెను ఎప్పుడూ అడగలేదు.

హాస్పిటల్లో చేరిన తొమ్మిదో రోజుకి ఆ పిల్లకు నయమైంది. డాక్టర్లు మందు మార్చారు. స్కూల్లో మాత్రం మందు గురించి ఎవరూ మాట్లాడుకోలేదు, మా అమ్మాయి అన్న మాట గురించే. అంతకంటే ఆ పిల్ల లేచి తిరగకపోయుంటేనే నయమేమో అని ఒక్క క్షణం అనిపించింది, అలా అనిపించినందుకు భయపడ్డాను. ఇప్పుడు పరీక్షల ముందు పిల్లలు మా అమ్మాయి దగ్గరకొచ్చి "పాసవుతానని అను" అంటారు. అనిపించుకుని, తర్వాత దూరంగా వెళ్ళి కూర్చుంటారు.

పోయిన వారం ఎవరో తెలియని ఆవిడ చంటిపాపను ఎత్తుకుని మా గేటు దగ్గరకొచ్చి, మా అమ్మాయి కావాలంది. "అలాంటివేం లేవిక్కడ. హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి" అని గట్టిగా చెప్పి తలుపేశాను. ఆవిడ వెళ్ళలేదు. ఎండలో గేటుకి ఆనుకుని కూర్చుంది.

మా అమ్మాయి కర్టెన్ తప్పించి చూస్తోంది.

"ఏమైందమ్మా ఆ పాపకి?"

"తెలీదు."

"అడగొచ్చు కదా" అంది. అంటూనే చెప్పులు వేసుకుంటోంది.