తణుకు చూడని అల్లుడు

పాట సగంలో ఉండగా క్లైవ్ చేతుల్లోంచి డ్రమ్ము పుల్లలు లాక్కున్నది మరెవరో కాదు, కన్నతండ్రి. దక్షిణాఫ్రికాలో, డర్బన్ పక్కనున్న వెరులంలో రేకుల కప్పు వేసిన ఆ చిన్న చర్చికి సిడ్నీ అప్పల్‌సామి పెద్ద. మీసం రాని వయసు నుంచీ కొడుకు అక్కడ డ్రమ్ములు వాయిస్తున్నాడు. ఆ ఆదివారం సిడ్నీ వేదిక ఎక్కి, పుల్లలు రెండూ తీసుకుని కోటు జేబులో పెట్టుకున్నాడు. "విగ్రహాలకు మొక్కే పిల్లను చేసుకున్నవాడి చేత దేవుడు తాళం కొట్టించుకోడు" అన్నాడు. గిటారు ఆగిపోయింది. జనం తలలు దించుకున్నారు. ఆ దించుకున్న తలల్లో క్లైవ్ తల్లి మ్యాగీది కూడా ఒకటి. చప్పట్లు కొడుతున్న చేతుల్ని తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది.

అంతకు రెండేళ్ళ ముందే ఆ దేశంలో తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ ఒకే వరసలో నిలబడి ఓటు వేశారు. ఇక మీదట ఎవరి పక్కన ఎవరైనా కూర్చోవచ్చునని రేడియోలో రోజూ చెబుతున్నారు. ఆ కబురు చర్చి మెట్ల దాకా వచ్చి, చెప్పులు విడిచి, అక్కడే ఆగిపోయింది. పోనీ క్లైవ్ చేసుకున్నది ఏ పరాయి జాతి పిల్లనో కాదు. ఆమెదీ తెలుగే, అతనిదీ తెలుగే. కాకపోతే ఆమె తణుకు నుంచి లెక్కలు చెప్పడానికి విమానంలో వచ్చింది. అతని ముత్తాత చెరకు నరకడానికి ఓడలో వచ్చాడు. విమానానికీ ఓడకూ మధ్య ఎన్నో సంగతులు నీళ్ళలో కలిసిపోయాయి. సింహాచలం అనే కుర్రాడు బాప్తిస్మం తీసుకుని సిడ్నీ అయ్యాడు. మంగమ్మ మ్యాగీ అయింది.

క్లైవ్‌కు మిగిలిన తెలుగంతా అవ్వ ఇచ్చింది. అది వంటింట్లో మొదలై అతని వీపు మీద ముగిసేది. అందుకే అతనికి తిండి పేర్లు వచ్చు, తిట్లు వచ్చు, మధ్యలో ఏమీ రాదు. ఆ లెక్కల టీచరు హరిప్రియ అతన్ని మొదట విన్నది కూడా తిట్టుతోనే. డర్బన్ వెళ్ళే కోంబీ వ్యానులో డ్రైవరు ప్రెగ్గీ ఉన్నట్టుండి బ్రేకు వేస్తే, ముందు సీట్లోంచి క్లైవ్ "నీ జిమ్మడ! కళ్ళు నెత్తికెక్కాయేట్రా!" అని అరిచాడు. దేశంకాని దేశంలో ఆరునెలలుగా తెలుగు ముక్క వినక చెవులు ఎండిపోయిన హరిప్రియ వెనక సీట్లోంచి లేచి నిలబడినంత పని చేసింది.

"మీరు తెలుగువాళ్ళా?"

"కాదు, సౌతాఫ్రికన్" అన్నాడు క్లైవ్ వెనక్కి తిరిగి. "తిట్లు మాత్రం తెలుగు."

తిట్లు కాని మాటలన్నీ ఇంగ్లీషులోనే ఆడుకున్నారు, ఆ ఏడు తిరక్కుండానే పెళ్ళయింది. అటు తణుకులో హెడ్‌మాస్టరు గిరిధరరావు గారు కూతురు చచ్చిందనుకుంటానన్నారు. ఇటు సిడ్నీ పుల్లలు లాక్కున్నాడు. ఇద్దరికీ మిగిలింది ఒకరింటి వెనక ఒక గది, ఒక స్టవ్వు, వాన పడితే మోగే రేకులు. క్లైవ్ డర్బన్ దగ్గర మొబేనీలో ఒక బట్టల గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు. పొద్దు పొడవకముందే వెళ్ళి, వచ్చేటప్పుడు బన్ను తొలిచి అందులో నింపిన బీన్స్ కూర పొట్లం తెచ్చేవాడు. హరిప్రియ ఆ బన్నును పళ్ళెంలో పెట్టుకుని అన్నం కలిపినట్టు కలపబోతే అతను గోల చేసేవాడు.

"ఏమే, అది బన్నీ చౌ! పచ్చడన్నం కాదు!"

"కలపకుండా తింటే కడుపు నిండదయ్యా నాకు."

కడుపు నిజంగానే నిండింది. మూడో నెలలో గోంగూర కావాలంది. క్లైవ్‌కు ఆ పేరు తెలుసు గాని ఆకు తెలియదు. వెరులం బజారులో జూలూ ఆడవాళ్ళు అమ్మే ఆకుకూరలన్నీ, గుమ్మడి చిగుళ్ళ దగ్గర నుంచి, రకానికొక కట్ట కొనుక్కొచ్చి మంచం మీద పరిచాడు. ఇదా అంటే కాదంది, అదా అంటే అదీ కాదంది. చివరికొకటి నోట్లో వేసుకుని, పులుపు లేకపోయినా, అదేనంది. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. అతను దాన్నే రుబ్బి పచ్చడి చేశాడు. ఆమె రెండుసార్లు వడ్డించుకుంది.

రోజూ పడుకునే ముందు క్లైవ్ ఆమె పొట్ట దగ్గర నోరు పెట్టి, "ఒసే ముదనష్టపుదానా, తిన్నావా?" అని అడిగేవాడు.

"బిడ్డకు తండ్రి చెప్పే మొదటి మాట తిట్టా?"

"మా అవ్వ తిట్టిందంటే ప్రేమున్నట్టే. ఊరుకుందంటే భయపడాలి."

"అయినా ఆడపిల్లేనని ఎవరు చెప్పారు నీకు?"

"మగాడైతే ఒరే అంటాను. ఏం పోయింది?"

ఆమె నవ్వితే పొట్ట కదిలేది. పొట్ట కదిలితే అతను, చూశావా, బదులు చెబుతోంది అనేవాడు. ఈ నవ్వులన్నీ ఆ గదిలోనే. గది దాటితే వాళ్ళకు మనుషులు లేరు. ఏడో నెల వచ్చేసరికి హరిప్రియకు అదే బెంగ పట్టుకుంది. పురిటి మంచం పక్కన ఎవరుంటారు? బిడ్డకు నీళ్ళెవరు పోస్తారు? "ఒక్కసారి మీ అమ్మను అడుగు" అంది. మ్యాగీ ఉండేది రెండు వీధుల అవతలే.

క్లైవ్ తండ్రి ఇంటి గేటు మళ్ళీ తెరిచింది ఆ రోజే. సిడ్నీ వరండాలో కూర్చుని బూట్లకు పాలిష్ వేసుకుంటున్నాడు.

"నాయనా, దానికెవరూ లేరు. పురుటికి అమ్మను పంపు. నేను రానులే ఇక్కడికి, అమ్మను పంపు చాలు."

"బాప్తిస్మం తీసుకోమను. మర్నాడే మీ అమ్మ అక్కడుంటుంది."

"ఏడో నెల, నాయనా!"

"ఎన్నో నెలయితే దేవుడికేం? మా ఇంట్లోంచి దేవుడి గదిని వెళ్ళగొట్టడానికి మా నాయనకు సగం ఆయుష్షు పట్టిందిరా. నువ్వు దాన్ని విమానంలో తెప్పించుకున్నావు." సిడ్నీ రెండో బూటు అందుకున్నాడు.

గేటు దాకా మ్యాగీ వెనకాలే వచ్చింది. కొంగు చాటున మామిడికాయ పచ్చడి సీసా ఉంది. అది అతని చేతిలో పెట్టి, "ఆయన మాట కాదని ఈ గేటు దాటడం నాకు చేతకాదురా. నన్ను తిట్టుకో" అంది. క్లైవ్‌కు ఉన్న తెలుగంతా తిట్లే. ఆ పూట ఒక్కటీ నోటికి రాలేదు.

బాప్తిస్మం మాట విని హరిప్రియ పకపకా నవ్వింది. "ఈ కడుపుతో నన్ను ముంచితే తొట్టిలో నీళ్ళన్నీ బయటికి పొర్లి మీ చర్చి మునిగిపోతుంది" అంది. పచ్చడి వేలితో తీసి నాకింది, బాగుందంది. తర్వాత గోడ వైపు తిరిగి పడుకుంది. భుజాలు కదులుతుంటే ఇంకా నవ్వుతోందనుకున్నాడు క్లైవ్. చెయ్యి వేసి చూస్తే దిండు తడిసి ఉంది.

అప్పుడతనికి అవ్వ మాట గుర్తొచ్చింది. తొలిచూలు పుట్టింట్లోనే జరగాలి అనేది అవ్వ, పచ్చి పురుటాలికి అమ్మ చేతి తిండి పడాలి అనేది. తెలుగువాళ్ళ పద్ధతి ఒకటి తనకు తెలిసినందుకు క్లైవ్‌కు గర్వం కూడా వేసింది. "పో, మీ అమ్మ దగ్గరికి పో" అన్నాడు.

"నాకు వెళ్ళాలని లేదు. నువ్వు పక్కనుంటే చాలు."

"నేనేం చేస్తాను? పిల్లకు నీళ్ళు పొయ్యడం వచ్చా నాకు?"

"నేర్చుకుందాం. ఇద్దరం కలిసి తప్పులు చేద్దాం."

అతను వినలేదు. టెలిఫోన్ బూత్ నుంచి తనే తణుకుకు ఫోన్ చేశాడు. "అయ్యా, నేను క్లైవ్. మీ పిల్ల కడుపుతో ఉంది. పురుటికి పంపేదా?" అని అవ్వ తెలుగును కూడగట్టుకుని అడిగాడు. అవతల ఫోను మామగారి చేతిలోంచి మారింది. అత్తగారు భానుమతి ఏడుస్తూ "పంపు నాయనా, పంపు" అంది. అంతవరకూ ఆ ఇంట్లో ఎవరూ అతన్ని నాయనా అనలేదు. క్లైవ్ బూత్‌లోంచి పెద్ద ఘనకార్యం చేసినవాడిలా బయటికొచ్చాడు. గాజులు కొనుక్కొచ్చాడు. మగాళ్ళు తొడగకూడదంది హరిప్రియ. "మరి ఎవరున్నారే?" అన్నాడు. ఆమె చేతులు చాచింది.

హరిప్రియ తణుకు వెళ్ళాక, ఆడపిల్ల పుట్టిందని మామగారే ఫోన్లో చెప్పారు. "తల్లీ పిల్లా క్షేమం. తేజశ్రీ అని పేరు పెట్టాం." క్లైవ్ థాంక్యూ అన్నాడు. ఆ రాత్రి అవ్వ పేరు కూడా కలపమని అడిగి ఉండాల్సిందని తోచింది, అప్పటికే ఆలస్యమైంది.

మూడో నెల వెళ్ళాక పంపుతామన్నారు. మూడో నెలలో జలుబన్నారు, అయిదో నెలలో అన్నప్రాశన అన్నారు, ఆ పైన వానలన్నారు. ఈలోగా దేశానికి తలుపులు తెరిచారు కదా, ఆ తలుపుల్లోంచి అందరికంటే ముందు విదేశాల చవక బట్టలు వచ్చి పడ్డాయి. మొబేనీలో గోదాము మూతపడింది. క్లైవ్ ఆ సంగతి దాచకుండా మామగారికి చెప్పేశాడు. ఉద్యోగం దొరికాక చూద్దాం అన్నారాయన. కోపంగా కూడా అనలేదు, బడిలో పిల్లాడికి చెప్పినట్టు అన్నారు. హరిప్రియ నేను వస్తాను అంటూ ఉండేది. కొన్నాళ్ళకు రావాలనుంది అనడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఎలా ఉన్నావు అని మాత్రమే అడిగేది. క్లైవ్ అక్కడికి వెళ్దామంటే టిక్కెట్టుకు డబ్బు లేదు. ఉన్నా, హెడ్‌మాస్టరు గారింట్లో క్రైస్తవ అల్లుడికి చాప వేసేవాళ్ళు లేరు. ఇక్కడ విగ్రహాలకు మొక్కేదాని మొగుడు, అక్కడ క్రైస్తవుడు. రెండు దేశాల్లోనూ రెండు ఇళ్ళు అతన్ని గుమ్మంలోనే నిలబెట్టాయి.

పిల్లకు రెండు నిండాక, ఎన్నికలు రెండోసారి జరిగిన ఏడు చలికాలంలో హరిప్రియ వచ్చింది. ఉండడానికి కాదు, చెప్పడానికి. "ఫోన్లో చెప్పే మాట కాదనిపించింది" అంది. తణుకులో కాలేజీ ఉద్యోగం వచ్చిందట, ఇక అక్కడే ఉంటుందట. పిల్ల ఆమె చీర కుచ్చెళ్ళు పట్టుకుని క్లైవ్‌ను చూస్తోంది. కళ్ళు అచ్చం అవ్వవే.

"ఎవరమ్మా ఈయన?"

"మీ నాన్న."

"నాన్న తణుకులో ఉన్నాడుగా!" తాతను తల్లి ఎలా పిలిస్తే అలాగే పిలవడం నేర్చుకుంది పిల్ల. క్లైవ్ కాసేపు పిల్లతో పాటు తనూ నవ్వాడు.

ఆ మధ్యాహ్నం మ్యాగీ వచ్చింది. పట్టపగలు, నడి వీధిలో, చేతిలో సోజీ అనే రవ్వ కేసరి గిన్నెతో వచ్చింది. సిడ్నీ వరండాలోంచి పిలిచినా వెనక్కి తిరిగి చూడలేదట. మనవరాలి ముందు నేల మీద కూర్చుంది. పిల్ల దగ్గరికి రాలేదు.

"అప్పుడు రాలేకపోయానమ్మా" అంది కోడలితో.

హరిప్రియ వంగి ఆమె కాళ్ళు తాకింది. "మీరు వచ్చి ఉంటే ఇక్కడే కనేదాన్ని అత్తయ్యా" అంది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. మ్యాగీ గిన్నె మూత తీయడం కూడా మరిచిపోయి అలాగే కూర్చుండిపోయింది.

సాయంత్రం కోంబీ టాక్సీల దగ్గర హరిప్రియ పిల్లను సీట్లో కూర్చోబెట్టి మళ్ళీ దిగింది. "అక్కడ వీధంతా దానివాళ్ళే, క్లైవ్. ఇక్కడ నువ్వొక్కడివే" అంది. అతను తల ఊపాడు. కోంబీ నిండుతోంది. కండక్టరు కుర్రాడు "డర్బన్! డర్బన్!" అని కేకలు పెడుతున్నాడు.

"పెద్దయ్యాక అడుగుతుంది. నీ గురించి ఏం చెప్పమంటావు?"

క్లైవ్ తెలుగు మాటల కోసం చాలా వెతుక్కున్నాడు. ఆమె ఇంగ్లీషులో చెప్పమన్నట్టు చెయ్యి ఊపింది. అతను వద్దన్నాడు.

"పొమ్మన్లేదని చెప్పు" అన్నాడు. "పురుటికి పంపేను. అంతే."