మూతల కుళ్ళాయప్ప, మోటారు కెమెరా

గోరంట్లలో మూత లేని వస్తువు కుళ్ళాయప్ప కంటబడితే దానికి మూత పడాల్సిందే. హోటల్లో పక్కవాడు తాగుతున్న టీ గ్లాసు మీద కూడా సాసరు బోర్లించేవాడు. తప్పు ఆయనది కాదు, దుమ్ముది. ఆ సీమలో గాలికి వేరే పని లేదు. పైగా ఏళ్ళ తరబడి నల్లముసుగు కప్పుకుని గాజుపలకల కెమెరాతో ఫొటోలు తీసిన మనిషి. బొమ్మ పడగానే పలకకు అడ్డంగా రేకు దింపడం, పెట్టెను రెండుసార్లు తట్టడం. ఆ పని చేతులే చేసుకునేవి, ఆయన్ను అడిగేవి కావు.

అరవై ఆరు కరువులో ఆయనకొక మోటారు కెమెరా చిక్కింది. కరువు ఫొటోలకని బెంగుళూరు నుంచి వచ్చిన పత్రికాయన విరేచనాలతో సత్రంలో పడి, "ఒక రీలు నీ ఇష్టం, పగలగొట్టకు" అని చేతిలో పెట్టాడు. మీట నొక్కితే చర్రుమని బొమ్మ పడుతుంది, ఫిల్ము దానంతటదే తిరుగుతుంది. పరుగెత్తే ఎద్దును కాలు గాల్లో ఉండగానే పట్టేస్తానని కుళ్ళాయప్ప ఊరంతా చెప్పుకున్నాడు.

ఆ మాట నల్లప్ప చెవిన పడింది. యాడికి ఊరి తిరునాళ్ళలో బండ లాగి గెలిచిన ఎద్దుల జత ఆయనది. మేత లేక అమ్మేశాడు. కొన్న గోవిందప్ప రాహుకాలం రాకముందే కన్నడసీమకు తోలుకుపోతాడు. అమ్మినవాడి పలుపుతాడు అమ్మినవాడికే, కొన్నవాడు కొత్త పలుపు కడతాడు. అది మెడలో పడితే ఎద్దులు పరాయివి. ఆ లోపల, అవి బండ లాగుతుండగా ఒక ఫొటో. నల్లప్పకు కావలసింది అంతే.

కుళ్ళాయప్ప చేను చేరేసరికి ఎద్దులకు బండ కట్టి ఉంది. కెమెరా వెనక ఫిల్ముకు అడ్డంగా ఉన్న రేకు లాగి జేబులో వేసుకుని, దర్జాగా ఒకసారి నొక్కి చూపించాడు. చర్రుమంది. అంతలో సుడిగాలి లేచింది. అందరూ కళ్ళు మూసుకున్నారు. కుళ్ళాయప్ప కెమెరాను పొట్టకు అదుముకుని వెనక్కి తిరిగాడు. గాలి పోయాక పెట్టెను రెండుసార్లు తట్టాడు.

"ఊ, తోలన్నా."

ఎద్దులు మెడలు వంచాయి. బండ కదిలింది. కుళ్ళాయప్ప నొక్కాడు. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కాడు.

"ఆపన్నా, ఆపు."

ఎద్దుల డొక్కలు ఎగసిపడుతున్నాయి. "ఇంగొక్క తూరి లాగుతాయేమో," అన్నాడు నల్లప్ప. "ఆపైన వాటితో కాదు."

కుళ్ళాయప్ప బ్యాటరీ తీసి పంచెతో తుడిచి పెట్టాడు. లెన్సు బిగించి చూశాడు. ఫిల్ము లెక్క చూశాడు, ఒక్కటే అయింది. చెవి ఆనించి విన్నాడు. శవం గుండె విన్నట్టుంది.

"ఏమప్పా, మోటారుకు నీళ్ళందలేదా?" అన్నాడు గోవిందప్ప. "మా బావి మోటారూ ఇట్లే అలుగుతాది."

"లోపలికి దుమ్ము పోయినట్టుండాదన్నా."

"రాహుకాలం నీ దుమ్ము కోసరం నిలబడదు." భుజం మీది కొత్త పలుపు దించి చేతికి చుట్టుకున్నాడు.

నల్లప్ప ఎర్రెద్దు గంగడోలు నిమురుతూ నిలబడ్డాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది కుళ్ళాయప్పకు.

గోవిందప్ప ఎర్రెద్దు వైపు నడిచాడు. నల్లప్ప భార్య చౌడమ్మ అడ్డం వచ్చింది. "రెండు నిమిషాలు నిలబడితే నీ కాళ్ళేమన్నా అరిగిపోతాయా?" అని, చెంబు తెచ్చి కుళ్ళాయప్పకు అందించింది. ఆయన రెండు గుటకలు తాగి, కళ్ళు కెమెరా మీద నుంచి తిప్పకుండానే చెంబు మీద గిన్నె బోర్లించాడు.

చౌడమ్మ ఆ చేతిని చూసింది. "దాహం తీరకముందే మూతేసినావు. ఆ పెట్టెక్కూడా యాడైనా మూతేసినావేమో సూసుకో మరిదీ."

కుళ్ళాయప్ప చేయి జేబులోకి పోయింది. బీడీలున్నాయి, అగ్గిపెట్టె ఉంది. రేకు లేదు. సుడిగాలిలో చేతులు తమ పని తాము చేసుకున్నాయి. రేకు లోపలుంటే మీట పనిచేయనివ్వని కెమెరా అది. ఆయన పాత పెట్టెకు అంత తెలివి ఎప్పుడూ లేదు.

రేకు లాగి పళ్ళ మధ్య కరచుకున్నాడు. తోలమని చేత్తో సైగ చేశాడు.

నల్లప్ప అదిలించాడు. ఎద్దులు వంగాయి. బండ కదల్లేదు. ముల్లుకర్ర ఎత్తబోయి, నల్లప్ప కింద పడేశాడు.

కుళ్ళాయప్ప మీట నొక్కి పట్టుకున్నాడు. చర్రు, చర్రు, చర్రు. ఎన్నడూ వినని ఆ చప్పుడుకు ఎద్దులు రెండూ ఉలిక్కిపడి ఒక్క దూకు దూకాయి. బండ నేలను గీసుకుంటూ వాటి వెంట పోయింది. రీలు అయిపోయేదాకా ఆయన వేలు తీయలేదు.

నల్లప్ప పాత పలుపులు విప్పి తన మెడలో వేసుకున్నాడు. తర్వాతే గోవిందప్ప ఎద్దుల దగ్గరికి వచ్చాడు.

ఫొటో కడిగితే నల్లప్ప చేయి ఎర్రెద్దు మూపు మీద ఉంది, ఎద్దు ముందు కాళ్ళు గాల్లో ఉన్నాయి. ఒక మూల గోవిందప్ప కూడా పడ్డాడు, కొత్త పలుపును వీపు వెనక దాచుకుని.

"ఆయన్ను కత్తిరించేదా అన్నా?" అన్నాడు కుళ్ళాయప్ప.

నల్లప్ప ఫొటోలో ఆ పలుపు మీద వేలు పెట్టాడు.

"వద్దులే. దాచినాడు గదా. ఉండనీ."