హోదా మాస్టారు

హోదా మాస్టారికి ఉన్నది ఒక్కటే జబ్బు. ఏ ఉద్యోగాన్నీ దాని సొంత పేరుతో పిలవలేరు. కాలేజీలో గంట కొట్టే అటెండరు ఆయన నోట్లో పడితే "కాల నిర్వహణాధికారి" అయి బయటికొస్తాడు. క్యాంటీన్‌లో కాఫీ కలిపే మనిషి "ప్రాతఃకాల ఉత్తేజ నిపుణుడు". సైకిల్ స్టాండులో చీటీలిచ్చే ముసలాయన్ని ఒకసారి ఎవరికో "ద్విచక్ర సంపద సంరక్షకులు" అని పరిచయం చేస్తే, ఆయన ఆ వారమంతా చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వచ్చాడు. ఊరందరికీ ఇన్ని హోదాలు పంచే పెద్దమనిషిని మీరేం చేస్తుంటారని అడిగితే మాత్రం, పాఠాలు చెప్తానండీ అని ఊరుకునేవారు.

ఆయన ఆ కాలేజీలో ఇంగ్లీషు శాఖకు పెద్ద. శాఖ అంటే మెట్ల కింద ఒక గది, రెండు బల్లలు, వాటి వెనక ఇద్దరు మనుషులు. ఒకరు మాస్టారు, ఇంకొకరు ఆ ఏడే చేరిన కొత్త మేడం. చేరిన రోజే ఆమెను ప్రిన్సిపాల్ గదిలోకి తీసుకెళ్ళి, "నవతరం భాషా వ్యూహకర్త" వచ్చారని చెప్పారు మాస్టారు. తన వెనకాల ఇంకెవరైనా వస్తున్నారేమోనని కొత్త మేడం తిరిగి చూసింది.

ఆమెకు ఈ హోదాల గోల మొదట్లో చిరాకు తెప్పించింది. దానికి కారణం ఉంది. వాళ్ళ నాన్నకు టైల్స్ షాపు. కూతురు కామర్స్ చదివి షాపు చూసుకుంటుందనుకుంటే, ఇంగ్లీషు చదువుతానని పట్టుబట్టింది. "ఇంగ్లీషు దేశంలో చంటిపిల్లలు కూడా మాట్లాడేస్తారమ్మా. దానికి నీకు ఐదేళ్ళు కావాలా?" అన్నాడాయన అప్పట్లో. ఎమ్మే అయ్యాక కూడా దానికి ఆమె దగ్గర జవాబు లేదు. ఆ భాషంటే ఇష్టం, చదువుకుంది. ఇష్టాన్ని ఉద్యోగంలోకి ఎలా మారుస్తారో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అడ్మిషన్ల రోజుల్లో కాలేజీ ఆవరణలో ఒక్కో శాఖకు ఒక్కో బల్ల వేశారు. కంప్యూటర్ వాళ్ళ బల్ల మీద రోబో బొమ్మ ఒకటి వచ్చేపోయేవాళ్ళకు చెయ్యి ఊపుతోంది. కామర్స్ వాళ్ళు సంచీలూ పెన్నులూ పంచుతున్నారు. ఇంగ్లీషు బల్ల మీద మాస్టారి మోచేతులు తప్ప ఏమీ లేవు. కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చిన ఒకాయన, మంచినీళ్ళు ఎక్కడ దొరుకుతాయో కనుక్కుందామని ఆ బల్ల దగ్గర ఆగాడు. మాస్టారు ఆయన్ని కూర్చోబెట్టి, తన సీసాలో నీళ్ళు తాగించి, ఇక లేవనివ్వలేదు.

ఇది చదివితే ఏమవుతారని ఆ తండ్రి మొహమాటానికి అడిగాడు. మాస్టారు తన పాత విద్యార్థుల చిట్టా విప్పారు. ఒకమ్మాయి "ప్రజా రవాణా స్వరాధికారిణి". ఒకబ్బాయి "అంతర్జాతీయ ఆగ్రహ ఉపశమన నిపుణుడు". మరొకతను "గృహోపకరణ గ్రంథకర్త", అతని రచనలు లేని ఇల్లు ఈ ఊళ్ళో లేదు. తండ్రి నోరు తెరుచుకుని విన్నాడు. కూతురు చల్లగా దరఖాస్తు తీసి నింపడం మొదలుపెట్టింది. ఆ పిల్లకు ముందునుంచీ ఇంగ్లీషే చదవాలని ఉంది, నాన్నతో చెప్పడానికి నోరు రాలేదంతే.

ఆ ఏడు కాలేజీ సెక్రటరీకి ఒక కొత్త ఆలోచన పుట్టింది. ఆయన ఐస్ ఫ్యాక్టరీలతో పైకొచ్చిన మనిషి. ప్రతి కోర్సుకూ ఎంత "కెరీర్ విలువ" ఉందో తేల్చమని బయటి నుంచి ఒక సలహాదారును పిలిపించారు. సలహాదారు తెర మీద రంగురంగుల స్తంభాలు చూపించాడు. కంప్యూటర్ స్తంభం తెర పైఅంచును తాకింది. ఇంగ్లీషు స్తంభం ఏదని ప్రిన్సిపాల్ కళ్ళజోడు సవరించుకుని వెతికితే, సలహాదారు కిందనున్న గీతను చూపించాడు. అది గీత కాదు, అదే స్తంభమట. ఇంగ్లీషు కోర్సు ఎత్తేద్దామని అప్పుడే అనుకున్నారు. మాస్టారు లేచి, పాత విద్యార్థులను పిలిపిస్తాను, వాళ్ళను చూశాక నిర్ణయించండని అడిగారు. సెక్రటరీ సరేనన్నారు.

ఆ సమావేశంలో కుర్చీల ముందు పెట్టే పేర్ల అట్టలు రాసే పని కొత్త మేడం మీద పడింది. హోదాలు సరిచూసుకుందామని ఆమె ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. చేసినకొద్దీ ఆమెకు చెమటలు పట్టాయి. స్వరాధికారిణి అంటే, సిటీ బస్సుల్లో తర్వాతి స్టాపు ఏదో చెప్పే గొంతు ఆ అమ్మాయిది. ఆగ్రహ ఉపశమన నిపుణుడు కాల్ సెంటర్‌లో కూర్చుని, వాషింగ్ మెషీన్లు పాడైన విదేశీయుల చేత తిట్లు తింటున్నాడు. గ్రంథకర్త మిక్సీ పెట్టెల్లో వేసే వాడకం పుస్తకాలు రాస్తాడు. వాటిని అతని భార్య కూడా చదవదట.

ఆమె రుసరుసలాడుతూ మెట్ల కింద గదికి వెళ్ళి, సెక్రటరీ ముందు పరువు పోతుందని నిలదీసింది. మాస్టారు తొణకలేదు.

"ఇందులో అబద్ధమేముందమ్మా? బస్సు ప్రజలది. స్వరం ఆ పిల్లది. కోపం అంతర్జాతీయమే కదా?"

"వాళ్ళ నోటితోనే నిజం చెప్పేస్తారు సార్."

"చెప్పనీ. వాళ్ళు చెప్పుకుంటే తప్పులేదు. వాళ్ళను ఇంకొకళ్ళు అనకూడదు, అంతే."

ఆ మాట అప్పుడు ఆమెకు అర్థం కాలేదు.

సమావేశం రోజు ఆమె భయపడ్డట్టే జరిగింది. సెక్రటరీ కాల్ సెంటర్ అబ్బాయిని, బాబూ ఆ హోదా అలా ఉంచు, పొద్దున్నే ఆఫీసుకెళ్ళి ఏం చేస్తావో చెప్పమన్నారు. ఫోనెత్తి తిట్లు తింటాను సార్ అన్నాడతను, చాలా మామూలుగా. హాలంతా గొల్లుమంది. తర్వాత లేచినవాళ్ళు కూడా ఉన్నదున్నట్టే చెప్పారు. సెక్రటరీ మైకు అందుకుని, చిన్న ఉద్యోగాలకు పెద్ద పేర్లు తగిలించి జనాన్ని నమ్మించడం విద్యాసంస్థలకు తగదని పెద్ద క్లాసు పీకారు. మాస్టారు చేతులు కట్టుకుని విన్నారు.

కాఫీల దగ్గర బస్సు గొంతమ్మాయి కొత్త మేడం పక్కకు వచ్చి నిలబడింది. గొంతు వినగానే తను దిగాల్సిన స్టాపు వచ్చేసినట్టు కొత్త మేడం ఉలిక్కిపడింది. సార్ మీద కోపం తెచ్చుకోకండి మేడం అంటూ ఆ అమ్మాయి తన సంగతి చెప్పుకొచ్చింది. డిగ్రీ అయ్యాక చాలాకాలం ఉద్యోగం రాలేదట. ఇంట్లో అన్నం వడ్డిస్తూ కూడా అదే అడిగేవారట. ఒకరోజు మాస్టారు ఇంటికొచ్చి, ఆమె "ధ్వని శాస్త్ర పరిశోధన"లో ఉందని వాళ్ళ పెదనాన్నతో చెప్పి వెళ్ళారు.

"ఆ పరిశోధన అంటే ఏమిటో నాకూ తెలీదు మేడం. కానీ ఆ రోజునుంచి ఇంట్లో ఎవ్వరూ అడగలేదు. కడుపునిండా తిన్నాను, కంటినిండా పడుకున్నాను. తర్వాత గొంతులు కావాలని ఎక్కడో చూసి నన్ను బస్సుల ఆఫీసుకు లాక్కెళ్ళింది కూడా ఆయనే."

ఇంతకీ కోర్సు ఎత్తేయలేదు. సెక్రటరీకి ఆ సాయంత్రమే జ్ఞానోదయం అయింది. తర్వాతి నెలలో ఇంగ్లీషు శాఖ గుమ్మం మీద నిలువెత్తు బోర్డు వెలిసింది: "గ్లోబల్ కమ్యూనికేషన్ అండ్ ఫ్యూచర్ లీడర్‌షిప్ స్టడీస్". పాఠాలు అవే, గది అదే, మెట్లు అవే. ఫీజు మాత్రం బోర్డుతో పాటు ఎత్తుకెక్కింది. సలహాదారు స్తంభం కూడా లేచి నిలబడింది. కాలేజీ మొత్తంలో దాన్ని ఇంకా "ఇంగ్లీషు" అని పిలిచేది హోదా మాస్టారు ఒక్కరే. ఎవరైనా నవ్వితే, "ఉన్న పేరు బాగానే ఉంది కదండీ" అనేవారు.

అయితే కొత్త పేరుకు కొత్త ట్రైనర్లు కావాలన్నారు. లీడర్‌షిప్ సర్టిఫికెట్లు లేవని కొత్త మేడమ్‌ను మర్యాదగా ఇంటికి పంపేశారు. మాస్టారు ప్రిన్సిపాల్ గదిలో గొంతు పోయేలా వాదించినా లాభం లేకపోయింది.

ఇంట్లో నాన్న పల్లెత్తు మాట అనలేదు. అదే ఆమెకు ఎక్కువ కష్టంగా ఉంది. ఇంతలో పెద్దత్త చుట్టపుచూపుగా వచ్చింది. నాన్నకు అక్కగారు, అడగాల్సినవి అడగకుండా కుర్చీలో వెనక్కి వాలే మనిషి కాదు. కాఫీ గ్లాసు అందుకుంటూనే, "అయితే ఇప్పుడేం చేస్తున్నావమ్మా?" అంది. కొత్త మేడం బిస్కెట్ల ప్లేటు తెచ్చి ఆవిడ ముందు పెట్టింది. సరిగ్గా అప్పుడే, కాలేజీలో మెట్ల కింద గదిలో మర్చిపోయిన ఆమె గొడుగు ఇచ్చిపోదామని మాస్టారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. జవాబు ఆయన దగ్గరినుంచి వచ్చింది.

"పదసంపద సలహాదారండీ. ప్రస్తుతం రెండు సంస్థల ప్రతిపాదనలు పరిశీలిస్తోంది."

పెద్దత్త మేనకోడలివైపు కొత్తగా చూసింది. తన ముందున్న బిస్కెట్ల ప్లేటు ఆమెవైపు జరిపింది. పదమేమిటో సంపదేమిటో ఆవిడకు అంతుపట్టలేదు గానీ, సలహా అన్న మాట దగ్గర కాస్త సర్దుకుని కూర్చుంది. కొత్త మేడం ఆ మాటలను సరిదిద్దలేదు. చాలా రోజుల తర్వాత కాఫీ వేడిగా ఉండగానే తాగింది. బస్సు గొంతమ్మాయి చెప్పిందేమిటో అప్పుడు ఆమెకు బాగా తెలిసింది.

గేటు దాకా సాగనంపుతూ, ఆ రెండు సంస్థలు ఏవి సార్ అని అడిగింది. మాస్టారు బుర్ర గోక్కున్నారు.

"అదే వెతకాలమ్మా. నేను ముందు పేరు పెట్టేస్తాను. తర్వాత దానికి తగ్గ పని చూడకపోతే నిజంగానే అబద్ధమైపోతుంది కదా."

ఆ మాటకు ఆయన కట్టుబడ్డారు. మధ్యాహ్నం క్లాసులు అవగానే ఆమెను వెంటబెట్టుకుని ఆఫీసులన్నీ తిరిగారు. రిసెప్షన్‌లో కూర్చున్న ప్రతి అమ్మాయినీ "ప్రథమ పరిచయాధికారిణి గారూ" అని పలకరించడం వల్ల ఎక్కడికెళ్ళినా వాళ్ళకు కుర్చీలూ కాఫీలూ దొరికేవి. ఉద్యోగం మాత్రం దొరకలేదు. ప్రకటనల కంపెనీ వాళ్ళు ఆ రాత పని ఇప్పుడు కంప్యూటరే చేస్తోందన్నారు. ఒక పెద్ద కంపెనీ వాళ్ళు ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళే కావాలి, కానీ ఇంగ్లీషు చదివినవాళ్ళు వద్దన్నారు. మాస్టారు ఆ వాక్యాన్ని బస్సులో మళ్ళీ మళ్ళీ చెప్పుకుని, వ్యాకరణం ప్రకారం ఎక్కడా తప్పులేదని ఆశ్చర్యపోయారు.

తిరగని రోజుల్లో ఆమె నాన్న షాపులో కూర్చునేది. టైల్స్‌కి పేర్లుండవు, నంబర్లే. బూడిద రంగులోనే బోలెడు రకాలు. కొనేవాళ్ళు ఇంటికెళ్ళేలోపు నంబరు మర్చిపోయి, మళ్ళీ వచ్చి, అది కాదు, ఇది కాదు అని షాపులో ఉన్న టైల్సన్నీ కిందికి దింపించేవారు. నాన్నకు తల ప్రాణం తోకకొచ్చేది. విసుగు పుట్టి ఆమె టైల్స్‌కి ఇంగ్లీషు పేర్లు పెట్టడం మొదలుపెట్టింది. పాలిపోయిన బూడిద రంగు "మండే మార్నింగ్". కాస్త పసుపు కలిసిన తెలుపు "సండే". ముదురు గోధుమ రంగు "అంకుల్స్ కోట్". విచిత్రం, వాటిని ఎవరూ మర్చిపోలేదు. ఫోన్ చేసి మరీ అంకుల్ కోటు పంపమనేవారు.

ఒకరోజు టైల్స్ కంపెనీ ప్రతినిధి ఆర్డరు తీసుకోవడానికి వచ్చాడు. మాస్టారు అక్కడే ఉన్నారు. ఈవిడెవరని అతను అడిగీ అడగకముందే, "వర్ణ నామకరణ నిపుణురాలు, మీ పోటీ కంపెనీల కళ్ళు కూడా ఈమె మీదే ఉన్నాయి" అనేశారు. ప్రతినిధి కంగారుపడి, వెంటనే తన మేనేజరుకు ఫోన్ కలిపాడు. మేనేజరు నమ్మలేదు. కొన్ని కొత్త రంగులు పంపించి పేర్లు పెట్టి చూపించమన్నాడు. ఆమె పెట్టి పంపింది. వాటిని చూసి ఆయన నవ్వాడట, తర్వాత ఇంకొన్ని పంపించాడట, ఆ తర్వాత ఏకంగా ఉద్యోగంలోకే రమ్మన్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు మాస్టారు స్నానాల గదికి టైల్స్ కావాలని షాపుకు వచ్చారు. అక్కడ ఇంకో కొనుగోలుదారు ఉన్నాడు. మాటల్లో, మీ అమ్మాయి ఏం చేస్తోందని అతను నాన్నను అడిగాడు. మాస్టారు అలవాటుగా గొంతు సవరించుకున్నారు. ఆయన నోరు తెరిచేలోపే నాన్న అందుకున్నాడు.

"టైల్స్‌కి పేర్లు పెడుతుందండీ. జీతమిచ్చి మరీ పెట్టించుకుంటున్నారు."

చెప్పి, కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి, నడుము నిటారుగా చేసి నిలబడ్డాడు. ఆ మాటకు పైన తగిలించడానికి మాస్టారి దగ్గర ఏమీ లేకపోయింది. గోడకు ఆనించిన ఒక టైల్ మీద చెయ్యి వేసి, ఈ బూడిద రంగుది ఎలా ఉంటుందండీ అని అడిగారు.

నాన్న నొచ్చుకున్నాడు. "బూడిద రంగు కాదండీ. మండే మార్నింగ్."

మాస్టారు దాన్ని కిందికీ పైకీ చూశారు. ప్రతి పొద్దునా స్నానానికి వెళ్ళి ఆ సోమవారాన్ని చూడాలంటే ఆయనకు మనసొప్పలేదు. పోనీ సండే ఉందా అని అడిగారు.

"సండే ఎక్కడ దొరుకుతుందండీ మాస్టారూ?" అన్నాడు నాన్న. "వచ్చింది వచ్చినట్టే అయిపోతోంది."